ఆరని అడుగులు

కలకత్తా పక్కన షాలిమార్ రైలు యార్డు వెనక, తెలుగువాళ్ళ ఇళ్ళ లైనులో తెల్లవారిందంటే ముందు కుళాయి దగ్గర బకెట్ల చప్పుడు, ఆ వెంటనే ఆడవాళ్ళ తగువు. ఆ తగువుకి కోదండం కళ్ళు తెరుస్తాడు. కళ్ళు తెరవడానికీ మంచం దిగడానికీ మధ్య ఆయనకి చాలా వ్యవహారం ఉంటుంది. ముందు పక్కకి దొర్లాలి, మంచం పట్టె పట్టుకోవాలి, కాళ్ళు కిందికి జారవిడవాలి, కుడిచెయ్యి వణుకు కాస్త సద్దుమణిగేదాకా కూర్చోవాలి. అలా కూర్చుని నేలకేసి చూస్తాడు. మంచం దగ్గర్నుంచి గుమ్మం దాకా, గుమ్మం దగ్గర్నుంచి దొడ్డి దాకా ఆయన భార్య అప్పమ్మ తడి అడుగులు వరసగా ఉంటాయి.

ఎడమ అడుగులో ఎడమకాలు పెడతాడు. కుడి అడుగులో కుడికాలు పెడతాడు. అలా పెట్టుకుంటూ వెళ్ళి, పని చూసుకుని, పక్కనే ఇటు తిరిగి ఉన్న అడుగుల మీదుగా మంచం దగ్గరకి వస్తాడు. పోయే అడుగుల మీద రావడం కుదరదు. ఒకసారి అలా రాబోయి దొడ్డి గుమ్మంలో బోర్లా పడి ముందుపన్ను అక్కడే వదిలేశాడు. అప్పట్నుంచి అప్పమ్మ ఎక్కడికి అడుగులు వేసినా పోనూ రానూ వేస్తుంది.

ఆ అడుగులు ఆరవు. వైశాఖంలో గచ్చు కాలిపోతున్నా ఆరవు, శ్రావణంలో వీధంతా మోకాలి లోతు నీళ్ళు నిలిచి తీసినా కలిసిపోవు. వాటిలో కొన్ని రెండు వానాకాలాలు చూసినవి.

కోదండం ఒకప్పుడు నడకకి పేరుమోసిన మనిషి. షాలిమార్ పిట్ లైన్లో రైలు పెట్టెలు కడిగే ఉద్యోగం చేశాడు. భుజాన నీళ్ళ పైపు వేసుకుని ఆ కొస నుంచి ఈ కొస దాకా కడుక్కుంటూ పోయేవాడు, మళ్ళీ రెండో పక్క నుంచి కడుక్కుంటూ వచ్చేవాడు. నడుస్తూనే బీడీ ముట్టించేవాడు, నడుస్తూనే పక్కవాడి మీద హాస్యాలాడేవాడు. తనకి కాళ్ళున్నాయన్న సంగతే ఆయనకి గుర్తుండేది కాదు. రిటైరవకముందే నడుస్తుంటే కుడిచెయ్యి ఊగడం మానేసింది. ఆ తరవాత అడుగులు చిన్నవయ్యాయి. ఆ తరవాత ఓ రోజు ఇంటి గుమ్మంలో నిలబడిపోయాడు. లోపలికి వెళ్ళాలని ఉంది. పాదాలు నేలకి అతికించినట్టు ఉండిపోయాయి.

పక్కింటి దుర్గారావు అది చూసి ఎగతాళి చేశాడు. "ఏటి దాదా, కొత్త పెళ్ళికూతురు నాగ గుమ్మంలో నిలబడిపోనావు? పేరు సెప్తేగాని నోపలికి రానియ్యరేటి?"

కోదండం కూడా నవ్వాడు. నవ్వుతూ అక్కడే నిలబడ్డాడు. ఎంతకీ కదలకపోయేసరికి దుర్గారావు నవ్వు ఆగిపోయింది. అప్పుడే కుళాయి దగ్గర్నుంచి అప్పమ్మ బిందెతో వచ్చి, ఇద్దరినీ తప్పుకోమని కసురుకుని, తడికాళ్ళతో లోపలికి వెళ్ళింది. గచ్చు మీద అడుగులు పడ్డాయి. కోదండం మొదటి అడుగుకేసి చూశాడు. కాలు లేచి దానిలోకి వెళ్ళింది.

ఆ అడుగులు సాయంత్రానికి ఆరలేదు, మర్నాటికీ ఆరలేదు. అప్పమ్మ గుడ్డ పెట్టి తుడిచింది. గుడ్డ తడవలేదు, అడుగు చెరగలేదు. "పోన్లే, ఉండనీ" అనుకుని వంటలోకి వెళ్ళింది.

కలకత్తాలో పెద్దాసుపత్రి నరాల డాక్టరు జబ్బు పేరు చెప్పి, ఆ పేరు వీళ్ళకి నోరు తిరగడం లేదని గ్రహించి, హిందీలో విడమరిచాడు. కూతురు పుష్పరాణి దాన్ని తెలుగు చేసి తల్లికీ తండ్రికీ చెప్పింది. మనిషి నడుస్తున్నప్పుడు కాళ్ళ గురించి తలుచుకోనక్కర్లేదు. బజార్లో ఏం కొనాలో మనం ఆలోచిస్తుంటే, మెదడు అడుగున ఓ చిన్న చోటు మనల్ని నడిపించుకుపోతుంది. ఆ చోటికి కావలసిన రసం ఈయనలో ఊరడం తగ్గిపోయింది. ఇక మీద ప్రతి అడుగూ ఈయనే తలుచుకుని వెయ్యాలి. తలుచుకున్నా హుకుం మధ్యలో ఆగిపోతుంది. గుమ్మం దగ్గర ఆగుతుంది, మలుపులో ఆగుతుంది, ఎవరైనా తొందరపెడితే ఇంకా ఆగుతుంది. కానీ నేల మీద గీతో గుర్తో కనబడితే, కన్ను ఇంకో దారిలో కాలికి చెబుతుంది. ఆ దారి ఈయనకి బాగానే ఉంది.

"అడుగులైతేనో?" అంది అప్పమ్మ.

డాక్టరు లేచి వరండాలోకి వచ్చాడు. టికెట్ల కిటికీ దగ్గర్నుంచి తన గది దాకా ఉన్న తడి అడుగులు చూశాడు. మీవేనా అని అడిగి, చాలా మంచిది, ఆపకండి అని చెప్పి, పూటకో మాత్ర రాసిచ్చి, తరవాతి రోగిని పిలిచాడు.

లైనులో ఎవరి పనులు వాళ్ళవి. పిల్లలు ఆ అడుగుల మీద తొక్కుడుబిళ్ళ గీతలు గియ్యకూడదని పెద్దవాళ్ళు కట్టడి చేశారు. మలుపులో టీ కొట్టు నిమాయి తన బెంచీ అడుగుల మీద పడుతోందని గోడ వైపు జరుపుకుని, గిరాకీ ఎండలో కూర్చోవలసి వస్తోందని మాత్రం రోజూ సణుగుతాడు. మునిసిపాలిటీ వాళ్ళు వీధికి కొత్త సిమెంటు వేసినప్పుడు పాత అడుగులన్నీ దాని కింద పడిపోయాయి. అప్పమ్మ ఆ కంట్రాక్టరుని పట్టుకుని తెలుగులోనూ బెంగాలీలోనూ కడిగేసి, సిమెంటు గట్టిపడ్డాక సీసాతో నీళ్ళు పట్టుకుని మళ్ళీ మొదట్నుంచి నడిచింది. పోనూ, రానూ.

కోదండానికి అదే బతుకైంది. అప్పమ్మ నడిచినంత మేరే ఆయన ఊరు. టీ కొట్టు ఉంది, మందుల షాపు ఉంది, పింఛను బ్యాంకు ఉంది, ఆసుపత్రికి వెళ్ళే బస్సు ఆగేచోటు ఉంది. అవి దాటితే కలకత్తా మహానగరం ఆయనకి లేనట్టే. పెళ్ళయిన కొత్తలో అప్పమ్మ ఆయన వెనక నడిచేది. అంత వేగంగా నడవకు మావా, రాలేకపోతన్నాను అనేది. ఆ సంగతి గుర్తొచ్చినప్పుడు ఆయనకి సిగ్గేస్తుంది.

పుష్పరాణి వాళ్ళకి ఒక్కతే సంతానం, లేక లేక పుట్టింది. డిప్లొమా చదివి, రైల్వే పరీక్ష రెండుసార్లు తప్పి, మూడోసారి నెగ్గింది. ఇంజనులో డ్రైవరు పక్కన కూర్చునే అసిస్టెంటు పోస్టు. ఒడిశాలో ఖుర్దారోడ్ వైపు వేశారు. ముందు ట్రైనింగు, ఆ తరవాత ఏ ఊరు వేస్తే ఆ ఊరు. ఆ వార్త వచ్చిన రోజు అప్పమ్మ లైనంతా తిరిగి అందరికీ సందేశ్ మిఠాయి పంచింది. "మీ అయ్య రైళ్ళు కడిగినాడు, నువ్వు తోల్తావే" అని కూతురి బుగ్గలు నొక్కింది. కోదండం మొహంలో ఏమీ కనబడలేదు. జబ్బు ఆయన మొహాన్ని కూడా ఆపేసింది. నవ్వుకీ ఏడుపుకీ కూడా లోపల్నుంచి హుకుం రావాలి కాబోలు. లోపల మాత్రం ఆయన ఆ రోజు ఎగిరి గంతేశాడు.

అదే చలికాలంలో అప్పమ్మ అడుగులు మారాయి. అందరికంటే ముందు కనిపెట్టినవాడు కోదండమే. కొత్తగా వేసినవి పాతవాటికంటే వెడల్పుగా ఉన్నాయి, వేళ్ళ మధ్య సందు కనబడటం లేదు, అడుగుకీ అడుగుకీ దూరం తగ్గింది. ఆమె కాళ్ళు వాచాయి. బిందె ఎత్తితే ఆయాసం, రాత్రి పడుకుంటే ఊపిరాడదు. గుండె బాగా నీరసపడిందని, ఆలస్యంగా తెచ్చారని ఆసుపత్రిలో చెప్పారు. ఆలస్యం ఎందుకైందో కోదండానికి తెలుసు. ఆసుపత్రికి వెళ్ళిన ప్రతిసారీ ఆయన కోసమే వెళ్ళారు.

అప్పమ్మ పని చూసుకునే మనిషి, ఏడుస్తూ కూర్చునే రకం కాదు. ముందు కూతుర్ని పిలిచింది.

"కాళ్ళు తడుపుకుని ఇక్కడ్నించి గుమ్మం దాకా నడు."

పుష్పరాణి నడిచింది. ముగ్గురూ నేలకేసి చూస్తూ నిలబడ్డారు. ఫ్యాను గాలికి అడుగుల అంచులు ముందు పోయాయి, తరవాత మడమలు పోయాయి, చివరికి బొటనవేళ్ళు మిగిలి అవి కూడా పోయాయి. కోదండానికి ప్రాణం లేచొచ్చింది.

"మళ్ళీ నడు. గట్టిగా ఎయ్యి అడుగు."

మళ్ళీ నడిచింది. మళ్ళీ ఆరాయి. గుమ్మంలో, వీధిలో, కుళాయి దగ్గర, మర్నాడు పొద్దున్నా సాయంత్రం కూడా నడిపించింది.

"ఛాడో నా, ఒదిలీ అమ్మా" అంది పుష్పరాణి చివరికి. "ఆరిపోతన్నాయి కదా. ఉద్యోగం ఒద్దనేస్తాను. ఇక్కడే ఏదో ఒకటి సూసుకుంటాను."

"ఆ మాట నోట్నించి రానీకు" అన్నాడు కోదండం. ఆయన గొంతు కూడా జబ్బుకి సన్నబడిపోయింది. దగ్గరికొచ్చి వింటేగాని వినబడదు. ఇద్దరూ దగ్గరికొచ్చారు. "ఆరిపోనాయంటే మంచిదే. ఆ గుంటని ఎల్లనీ అప్పమ్మా. నువ్వేసినవి నాకు సాల్తాయి."

"నాను పోతే ఇవి ఉంటాయో పోతాయో ఎవులికి తెలుసు?"

"పోతే మంచంలో పడుంటాను. ఎవులో ఒకలు ముద్ద ఎడతారు. దాన్ని మాత్రం నా ముందర నడిపించకు."

అప్పమ్మ కూతురి మీద కోపం తెచ్చుకుందో, లేక తనకీ లోపల హాయిగానే ఉందో కోదండానికి తెలియలేదు. ఆయన మాత్రం ఆ రాత్రి చాన్నాళ్ళకి కడుపునిండా అన్నం తిన్నాడు.

మాఘమాసంలో ఓ మధ్యాహ్నం అప్పమ్మ మంచం పక్కన కూర్చుని ఆయన కాళ్ళకి నూనె రాస్తూ అడిగింది.

"మావా, నాను పోతే నిప్పు ఎవులు ఎడతారు?"

"ఇప్పుడా మాటలేటి?"

"మనకి కొడుకు నేడు కదా. నువ్వే ఎట్టాల. కుండ బుజాన ఎట్టుకుని మూడు సుట్లు నువ్వే తిరగాల. తిరగ్గలవేటి?"

శ్మశానం ఘాటు దాకా అప్పమ్మ అడుగులు లేవు. శిబ్‌పూర్ శ్మశానం లైనుకి ఎంతో దూరం కాదు, గంగ ఒడ్డునే నడిస్తే వచ్చేస్తుంది. కానీ ఆడవాళ్ళు కాటికి వెళ్ళరు. లైనులో ఎవరు పోయినా ఆడవాళ్ళు మలుపు దాకా వచ్చి, అక్కడ ఏడ్చి, వెనక్కి వచ్చి ఇళ్ళు కడుక్కుంటారు. అప్పమ్మ కూడా ఆ మలుపు ఎప్పుడూ దాటలేదు.

"దుర్గారావు ఎడతాడులే" అన్నాడు కోదండం.

"దుర్గారావు నాకు మొగుడేటి?"

అప్పమ్మ నూనె చేతులు చీరకి తుడుచుకుంది.

మూడో రోజు పొద్దున్న సీసాతో నీళ్ళు పట్టుకుని బయల్దేరింది. దుర్గారావు పెళ్ళాం రమాకుమారి మలుపులో అడ్డం నిలబడింది. బొట్టూ మట్టెలూ ఉన్న ఆడది తనంతట తాను కాటికి నడిచి వెళ్ళడం ఎక్కడైనా ఉందా, లైనుకే అరిష్టం అని చెయ్యి పట్టుకుంది.

"నడిసి సూసొస్తానే, ఉండిపోను" అంది అప్పమ్మ. చెయ్యి విడిపించుకుని కాళ్ళ మీద నీళ్ళు పోసుకుని మలుపు దాటింది.

కోదండం టీ కొట్టు దాకా వెళ్ళి, అక్కడ బెంచీ మీద కూర్చున్నాడు. అక్కడ్నుంచి ఆమె వీపు కొంతసేపు కనిపించింది. ఆమెను ఆపడానికి వెనక వెళ్ళాలంటే ఆమె అప్పుడే వేసిన అడుగులే దారి. వెళ్ళొచ్చు. కానీ ఇటు రావడానికి అడుగులు లేవు. నిమాయి ఇచ్చిన టీ చేతిలోనే చల్లారిపోయింది, సగం చొక్కా మీద ఒలికిపోయింది.

ఎండెక్కాక దుర్గారావు వెతుక్కుంటూ వెళ్ళి ఆమెని టోటో రిక్షాలో తెచ్చాడు. పెదాలు నీలంగా ఉన్నాయి. మంచం మీద పడుకోబెడితే చాలాసేపటికి మాట వచ్చింది.

"ఎల్లినాను. పాడె ఎక్కడ దించుతారని అడిగితే అక్కడి మనిషి సూపించినాడు. పాపం, ఆ సోటు తుడిసి మరీ సూపించినాడు. దాని సుట్టూ మూడు సుట్లు తిరిగినాను మావా."

ఖాళీ గచ్చు చుట్టూ, తాను పడుకోబోయే చోటు చుట్టూ, అప్పమ్మ సీసా పట్టుకుని తిరుగుతూ ఉండటం కోదండానికి కళ్ళకి కట్టింది. ఆయన మొహం కదలలేదు. కళ్ళలోంచి నీళ్ళు మాత్రం వాటంతటవే కారాయి.

"రావడానికే ఊపిరి సాల్లేదు" అంది ఆమె. "ఒక్కపక్కే అయినాది. కొంచెం ఓపికొచ్చినాక ఎల్లి తిరుగడుగులు ఏసీస్తాను."

"దానికేటి, బండిలో తెచ్చీస్తారు నన్ను" అన్నాడు కోదండం.

ఓపిక రాలేదు. శివరాత్రి వెళ్ళిన మూడోనాడు, పుష్పరాణి చేతిలోంచి కాఫీ గ్లాసు అందుకోబోతూ అప్పమ్మ వెనక్కి వాలిపోయింది.

భార్య పోయిన క్షణంలో మొగుడు చూడవలసింది ఆమె మొహం. కోదండం నేలకేసి చూశాడు. అడుగులు ఉన్నాయి. మంచం దగ్గరవీ, గుమ్మం దగ్గరవీ, దొడ్డివైపువీ అన్నీ తడితడిగా మెరుస్తూ ఉన్నాయి. ఆ తరవాతే ఆమె మొహం చూశాడు. ఈ వరస తప్పిందని ఆయనకి తెలుసు, అది ఎవరికీ చెప్పుకోలేడని కూడా తెలుసు. చూడటానికి వచ్చినవాళ్ళు, ముసలాయన ఒక్క చుక్క ఏడవలేదు, రాయి మనిషి అని చెవులు కొరుక్కున్నారు.

పాడె లేచింది. కోదండం కొత్త ధోవతి కట్టుకుని, భుజాన నీళ్ళ కుండతో వెనక నడిచాడు. మామూలుగా మోసేవాళ్ళు వడివడిగా పోతారు. ఇవాళ ఆయన అడుగుకి వాళ్ళు అడుగు తగ్గించుకున్నారు. మలుపు దాటాడు. ఆ తరవాత అంతా ఆమె ఒక్కసారే నడిచిన దారి. లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆయన తలెత్తలేదు.

కింద ఆమె వాచిన అడుగులు ఒక్కొక్కటీ వస్తున్నాయి. కొంతదూరం బాగానే పడ్డాయి. ఆ తరవాత దగ్గర దగ్గరగా వచ్చాయి. ఒకచోట రెండు పాదాలూ పక్కపక్కనే ఉన్నాయి. అక్కడ ఆగి ఊపిరి తీసుకుంది. కోదండం కూడా అక్కడ ఆగాడు. పాడె మోసేవాళ్ళు ముందు ఆగి చూస్తూ నిలబడ్డారు. ఇంకొంచెం దూరం పోయాక మళ్ళీ రెండు పాదాలు. గోడ పక్కన ఇంకోచోట. ఎన్నిసార్లు ఆగిందో ఆమె ఆయనకి చెప్పలేదు. ఇంత ఆయాసంలో ఎలా వచ్చావే తల్లీ అని ఆయన లోపల లోపలే ఆమెతో మాట్లాడుతూ ఘాటు గేటు దాటాడు.

షెడ్డు కింద పాడె దించారు. సరిగ్గా ఆమె తిరిగిన చోటే దించారు. మూడు చుట్లు. మొదటి చుట్టు అడుగులు తిన్నగా ఉన్నాయి. రెండో చుట్టుకి దుర్గారావు వెనక నుంచి కుండకి చిల్లు పెట్టాడు, నీళ్ళు ఆయన వీపు మీదుగా కారాయి. మూడో చుట్టులో ఆమె కాళ్ళు తడబడ్డాయి. కుడి అడుగు పడవలసిన చోట ఎడమది పడింది, ఒకచోట వేళ్ళు మాత్రమే ఆనాయి. కోదండం అలాగే తడబడుతూ, అలాగే వేళ్ళు ఆనిస్తూ తిరిగాడు, పడలేదు. కుండ వెనక్కి వదిలాడు. శాస్త్రానికి ఆమె నోటికి నిప్పు తాకించాడు. దహనం చేసే కరెంటు చుల్లి తలుపు ఎత్తి ఆమెను లోపలికి తోశారు.

అంతా అయ్యాక దుర్గారావు అస్థికలు మట్టి మూకుడులో పట్టుకుని మెట్లు దిగి గంగలో కలిపి వచ్చాడు. మెట్ల దగ్గరకి అప్పమ్మ వెళ్ళలేదు కాబట్టి కోదండం షెడ్డు కిందే నిలబడ్డాడు. అక్కడ్నుంచి ఇంటికి వెళ్ళేవాళ్ళు వెనక్కి తిరిగి చూడకూడదు, ఒకరినొకరు పిలుచుకోకూడదు. ఒక్కొక్కరూ వెళ్ళిపోయారు. దుర్గారావు టోటోని లోపలికి తెస్తానని వెళ్ళి గేటు దగ్గర కాపలావాడితో వాదులాడుతున్నాడు.

కోదండం మూడో చుట్టు చివరి అడుగులోకి వచ్చి నిలబడి ఉన్నాడు. మాత్ర వేళ దాటిపోయింది. కాళ్ళు ఎప్పుడో బిగుసుకుపోయాయి. చుట్టూ ఉన్న అడుగులన్నీ ఇటు వచ్చినవే, అటు వెళ్ళేది ఒక్కటీ లేదు. పోనీలే, ఇక్కడే ఉండిపోయినా బాగుండు అనిపించింది. పుష్పరాణి తల్లి కర్మ అయ్యేదాకా ఉద్యోగంలో చేరడానికి గడువు అడిగింది, ఇచ్చారు. ఆ మర్నాడే ఆమె బండి. తనని చూసుకోవడానికి లైనులోనే ఒక విధవరాలిని మాట్లాడి పెట్టింది. కూతురు వెళ్ళిపోతే, దేవుడి దయ వల్ల, తనకి ఇంక కొత్త అడుగులతో పనిలేదు.

అప్పుడే పుష్పరాణి వచ్చింది. మాత్ర వేళ దాటిందని చూసుకుని, ఆడవాళ్ళు వద్దంటున్నా వినకుండా వచ్చేసింది. ముందు తిన్నగా మెట్లు దిగి గంగలో నిలబడింది. తల్లి కలిసిన నీళ్ళు దోసిట్లో తీసుకుని నెత్తి మీద చల్లుకుంది. కాసేపు అక్కడే ఏడ్చింది. ఏడ్చి, మెట్లెక్కి తండ్రి దగ్గరకి వచ్చి, మాత్ర నోట్లో వేసి నీళ్ళు తాగించింది.

"టోటో నోపలికి రానియ్యటం నేదంట అయ్యా. గేటు దాకా నిన్ను మోసుకుపోతారు. దుర్గారావు కాకాని పిలుసుకొస్తాను."

అని గేటు వైపు నడిచింది. వెనక్కి చూడకూడదని తెలుసు కాబట్టి తిన్నగా నడిచింది.

కోదండం ఆమె వెనక నేలకేసి చూశాడు. రెండేళ్ళుగా ఆయన కళ్ళు నేల మీదకే పోతాయి, అలవాటైపోయింది. షెడ్డు బయట గచ్చు ఎండకి కాగుతోంది. దుర్గారావు ధోవతి నుంచి కారిన నీళ్ళు ఎప్పుడో ఎగిరిపోయాయి. మెట్ల మీద అందరి తడి కాళ్ళ గుర్తులూ పోయాయి. పుష్పరాణి అడుగులు మాత్రం ఉన్నాయి. చూస్తూనే ఉన్నాడు. అంచులు పోలేదు. మడమలు పోలేదు. సన్నటి, వాపులేని, కుర్ర అడుగులు ఆయన కాళ్ళ దగ్గర మొదలై గేటు వైపు వరసగా తడితడిగా ఉన్నాయి.

పిల్ల ఇంకా చూడలేదు. చూడకపోతే తెలియదు. తెలియకపోతే రైలెక్కి వెళ్ళిపోతుంది. దుర్గారావు వచ్చి ఎత్తుకుపోయేదాకా తాను కదలకుండా నిలబడితే చాలు. ఆ మాత్రం పని తనకంటే బాగా ఎవరికి చేతనవును? ఆగండి అన్నాడు కాళ్ళతో. ఇన్నాళ్ళూ కదలండి కదలండి అని బతిమాలాను, ఒక్కనాడూ వినలేదు, ఇవాళ ఆగండి అంటున్నాను, ఈ ఒక్కసారికి ఆగండి అన్నాడు. కళ్ళు మూసుకోబోయాడు. రెప్పలు కూడా మాట వినలేదు. కళ్ళు మొదటి అడుగు మీదే ఉన్నాయి.

కుడికాలు లేచింది. పుష్పరాణి అడుగులోకి వెళ్ళి కుదురుగా నిలిచింది. వెనకే ఎడమకాలు లేచింది. ఆ కాళ్ళు అంత తేలిగ్గా ఆయన జబ్బు పడ్డాక ఎప్పుడూ నడవలేదు. పిట్ లైన్లో పైపు భుజాన వేసుకుని పోయినప్పుడు నడిచినట్టు నడిచాయి. ఆయన వద్దు వద్దు అంటూనే ఉన్నాడు, ఆ సన్నటి గొంతు ఆయనకే వినబడలేదు.

అరికాళ్ళు గచ్చుకి తగులుతున్న చప్పుడు విని పుష్పరాణి ఆగింది. వెనక్కి తిరిగి చూడకూడదు. తిరిగింది. తండ్రి మొహంకేసి చూడలేదు. ఆయన కాళ్ళ కింద నేలకేసి చూసింది.